కింది పట్టీ

తెర మీద అక్షరాలు పెద్దవి కావాలంటే కంప్యూటరు లాగాఫ్ కమ్మంటుంది, ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికి రమ్మంటుంది. బ్రహ్మం రోజూ పోయి వచ్చేవాడు. షాపు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, పటం ముందు ఊదుబత్తి గుచ్చి, సిస్టమ్ ఆన్ చేసేవాడు. సెట్టింగుల్లోకి వెళ్లి అక్షరాల సైజును అన్నిటికంటే పెద్దదాని మీద పెట్టేవాడు. తెర నల్లబడి మళ్లీ వెలిగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. వెలిగాక చూస్తే బొమ్మలన్నీ ఉబ్బిపోయి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. ఫైళ్ల పేర్లకు తోకలు తెగిపోయేవి. కొన్ని పెట్టెలు తెరిస్తే అడుగున ఉండాల్సిన ఓకే బటన్ తెర కిందికి జారిపోయి అసలు కనబడేదే కాదు. దానికి బ్రహ్మం పెద్దగా బాధపడేవాడు కాదు. ఎంటర్ కొడితే కనబడని బటన్ కూడా పనిచేస్తుంది.

ఆ రోజు కూడా అదే పని చేసి కూర్చున్నాడు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. మన్సూరాబాద్‌లో ఇంటి దగ్గర బయలుదేరి, ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నా టెంటు పక్క నుంచి, కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వచ్చాడు. షేర్ ఆటోలు తిరుగుతున్నాయి గాని బ్రహ్మానికి నడకే నయం. ఉన్న మాట చెప్పుకోవాలంటే, దగ్గరికొచ్చేదాకా అది ఆటోనో, ట్రాలీనో తెలియడం లేదు. తెలిసి చెయ్యెత్తేలోపు అది వెళ్లిపోతుంది. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. నడిస్తే షుగరుకు మంచిదని చెబుతూ వచ్చాడు.

మనిషి పొట్టి. ఏళ్ల తరబడి మౌస్ పట్టి పట్టి కుడి భుజం కొంచెం కిందికి దిగింది. మెడ ముందుకు సాగింది. కళ్లద్దాలు మందంగా, అంచుల దగ్గర పసుపు తేలి ఉంటాయి. చేతివేళ్లు మాత్రం ఆ ఒంటికి తగినవి కావు, సన్నగా పొడుగ్గా ఉంటాయి. ఎడమ చూపుడు వేలి మీద దారం కోసిన గాటు ఒకటి చిన్నప్పటి నుంచీ ఉంది. పోచంపల్లి దగ్గరి ఊళ్లో, మగ్గం గుంట పక్కనే పుట్టిన మనిషి. నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే ఇంట్లో పెరిగి, చిటికీలు కట్టడం నేర్చి, అంటే రంగు అంటకూడని చోట నూలును రబ్బరు పట్టీతో బిగించి కట్టడం నేర్చి, మీసాలొచ్చేనాటికి మంచి పనివాడు అనిపించుకున్నాడు. తర్వాత అదే డిజైను మిల్లులో అచ్చుగుద్దిన చీరలు సగం ధరకు రావడం మొదలైంది. ఊళ్లో సగం మంది పట్నం దారి పట్టారు. బ్రహ్మం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో టైపు నేర్చుకున్నాడు. నూలు పట్టిన వేళ్లకు మీటలు పట్టడం ఎంతసేపు. మొదట్లో పెండ్లి పత్రికలు, ట్యూషన్ల కరపత్రాలు, హాస్టళ్ల పోస్టర్లు. ఆ తర్వాత ఫ్లెక్సులు వచ్చి ఊరంతా ఫ్లెక్సులే అయింది. బ్రహ్మం అన్నిటికీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

కళ్ల సంగతి సర్కారు దవాఖానలో తెలిసింది. షుగరు కంటి లోపలి పొరను తినేస్తున్నది. "అద్దాల నంబరు పెంచితే వచ్చే చూపు కాదండీ ఇది, ఉన్నదాన్ని కాపాడుకోండి" అని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంట్లో రాజమ్మకు సగమే చెప్పాడు. రాజమ్మ చీరలకు ఫాల్సు కుట్టే మనిషి. ఇదివరకు పొద్దున్నే నాలుగు సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చి పొమ్మనేది. ఈ మధ్య అడగడం మానేసింది. ఎందుకు మానేశావని బ్రహ్మమూ అడగలేదు.

అతనికున్న భయం ఒక్కటే. చూపు తగ్గుతున్నదని మధుకర్‌కు తెలియకూడదు. తెలిస్తే ఈ కుర్చీ పోతుంది. చూపు పోతే ఎట్లా బతకాలో నలుగురిని అడిగి తెలుసుకోవచ్చు. కుర్చీ పోతే ఎట్లా బతకాలో బ్రహ్మానికి అస్సలు తోచదు. అందుకే మానిటర్ మొఖం గోడవైపుకు తిప్పుకున్నాడు. ఎండ పడుతున్నదని చెప్పాడు. పొద్దున అందరికంటే ముందొచ్చి అక్షరాలు పెంచడం, సాయంత్రం పోయేముందు మళ్లీ తగ్గించి పెట్టడం, ఇదీ అతని దినచర్య.

మధుకర్ ఆ షాపు ఓనరు. ఒకప్పుడు పదో తరగతి తప్పి, బ్రహ్మం పనిచేసే పాత షాపులో పని నేర్చుకోవడానికి వచ్చిన పిలగాడు. మౌస్ ఎట్లా పట్టుకోవాలో చెయ్యి మీద చెయ్యేసి నేర్పింది బ్రహ్మమే. ఇప్పుడు పొట్ట వచ్చింది, మెడలో గులాబీ కండువా వచ్చింది, ఈ మధ్య ఒక టాబ్ కూడా వచ్చింది. అది వచ్చినప్పటి నుంచీ మధుకర్‌ను పట్టుకోవడం కష్టమైంది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు సంకలో పెట్టుకుని తిరుగుతాడు. డిజైను ఏదైనా సరే అందులోకి ఎక్కించాల్సిందే. రెండు వేళ్లతో పెద్దది చేస్తాడు, చిన్నది చేస్తాడు, పైనుంచి కిందిదాకా జరిపి జరిపి చూస్తాడు, ఆ తర్వాతే ప్రింటుకు పోనిస్తాడు. ఇన్నేళ్లు లేని ముచ్చట ఇప్పుడెందుకు పుట్టిందో బ్రహ్మానికి అర్థం కాలేదు. తన పని మీద నమ్మకం పోయిందా అని మనసు చివుక్కుమనేది. మళ్లీ, డబ్బున్నోడి షోకులే అని సర్దుకునేవాడు.

ఆ పొద్దున అండాలమ్మ వచ్చేసరికి మధుకర్ ఇంకా రాలేదు. ఆమె గోపయ్య భార్య. గోపయ్యా బ్రహ్మమూ ఒకే షెడ్డులో చిటికీలు కట్టినవాళ్లు. ఊరు విడిచాక గోపయ్య మోపెడ్ మీద చీరల మూట వేసుకుని ఎల్బీనగర్ కాలనీలన్నీ తిరిగి అమ్మేవాడు. పోయిన వారం ఒక ఇంటి ముందు బండాపి, గేటు పక్క మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తెచ్చేసరికి లేడు. పాడె మోసినవాళ్లలో బ్రహ్మం ఒకడు.

అండాలమ్మ కుర్చీ చూపించినా కూర్చోలేదు. కొంగులో నుంచి గోపయ్య ఫోను తీసి ముందు పెట్టింది.

"అన్నా, రేపు దినాలు. మీ దోస్తుది పెద్ద ఫొటో కావాలె. మనిషెంతనో గంత."

"చేస్త చెల్లే. ఫొటో ఏది?"

"గీండ్ల ఉన్నది. బండి కాడ దిగిండు."

బ్రహ్మం ఫోనును కంటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని చూశాడు. మూట, మోపెడ్, పక్కన ఒక మనిషి. బొమ్మ చాలా చిన్నది. నాసిరకం ఫోను, అందులోనూ సాయంత్రం వెలుతురు.

"ఇంకోటి లేదా చెల్లే? ఇది పెంచితే చెదిరిపోతది."

"పెండ్లిలల్ల దిగినయి ఉన్నయి. గవన్ని బిగబట్టుకోని నిలబడ్డయి. ఆయన నవ్వింది గిదొక్కటే."

ఇంకేం మాట్లాడతాడు. చేస్తానన్నాడు. సాయంత్రానికి చంపాపేట్‌లో వాళ్లింటికి తానే తెచ్చి కట్టిస్తానని కూడా అన్నాడు. ఆమె ఫోను అక్కడే పెట్టి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, వచ్చినంత మెల్లగా వెళ్లిపోయింది.

ఈ పనిలో ఎవరూ ఖాళీ కాగితం మీద మొదలుపెట్టరు. అదే సైజువి పాతది ఏదో ఒకటి తెరిచి, ఫొటో మార్చి, పేరు మార్చి, రంగు మార్చి కొత్తది చేస్తారు. పెండ్లి పత్రిక కడుపులో వెనకటి పెండ్లి పత్రిక ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తుండే నిలువు ఫ్లెక్సు కోసం బ్రహ్మం వెతికితే, పోయిన నెలలో ఒక కాలనీ నాయకుడి పుట్టినరోజుకు చేసినది దొరికింది. పై హెడ్డింగు తీసేసి 'శ్రద్ధాంజలి' అని కొట్టాడు. నాయకుడిని తీసేశాడు. గులాబీ రంగు పోగొట్టి తెలుపూ బూడిదా చేశాడు. చుట్టూ ఉన్న పూల అంచును మాత్రం ఉంచాడు, పూలు దేనికైనా పూలే. పేరు కొట్టాడు, తేదీలు కొట్టాడు. వేళ్లకు అన్నీ తెలుసు, చూడాల్సిన పని లేదు.

అక్షరాలు అంత పెద్దవి చేసుకున్న తెరలో నిలువు ఫ్లెక్సు మొత్తం ఒక్కసారి కనబడదు. అడుగు భాగం ఎప్పుడూ తెర కిందనే ఉండిపోతుంది. మొత్తాన్ని తెరలో పట్టేట్టు కుదించి చూడవచ్చు, అది ఒక్క మీట పని. కాని అట్లా కుదిస్తే బ్రహ్మానికి అందులో ఏమీ కనబడదు, ఉత్త మచ్చలు. కాబట్టి ముక్కలు ముక్కలుగా కిందికి జరుపుకుంటూ చూసుకునేవాడు. పైది అయిపోయాక కిందిది. రోజూ అట్లనే చేసేవాడు, ఆ రోజు కూడా ఫొటో పెట్టాక చేద్దామనుకున్నాడు.

ఫొటో పెట్టి పెంచాడు. గోపయ్య మొఖం గళ్లుగళ్లుగా విడిపోయింది. ఒక గడి గోధుమ రంగు, దాని పక్కది కొంచెం నలుపు, దాని పక్కది ఎర్రన. అంతటి గళ్లు బ్రహ్మానికి స్పష్టంగా కనబడ్డాయి. కళ్లద్దాలు నెట్టుకోకుండా, మెడ చాచకుండా కనబడ్డాయి. వాళ్ల షెడ్డులో గోడకు అంటించిన గ్రాఫు కాగితం కూడా ఇట్లాగే ఉండేది. ఒక గడి కట్టాలి, ఒక గడి వదలాలి. గోపయ్య లెక్క తప్పి నవ్వేవాడు, బ్రహ్మం అతని వరుస కూడా తానే చూసేవాడు. చిలకకు ముక్కు ఒక గడి ఎడమకు పోయిందని మేస్త్రి తిడితే, ఆ చిలక అటు చూస్తున్నదని గోపయ్య చెప్పిన రోజు ఒకటుంది. బ్రహ్మానికి అది గుర్తొచ్చింది. అద్దాలు తీసి తుడుచుకుని, ఒక్కో గడినీ పక్క గడిలోకి కలపడం మొదలుపెట్టాడు.

నిజానికి అంత పని అక్కర్లేదు. ఫ్లెక్సును జనం దూరం నుంచి చూస్తారు, చెదిరినా తెలియదు, ఫైలు తేలికగా ఉంచాలి. ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ డిజైనరును అడిగినా చెబుతాడు. కాని అండాలమ్మ దూరం నుంచి చూడదు. దగ్గరికొచ్చి చేత్తో తడుముతుంది. అందుకని బ్రహ్మం ఎన్నడూ పెట్టనంత నాణ్యత పెట్టాడు. ఫైలు లావెక్కుతూ పోయింది. మౌస్ కదిపితే తెర కదలడానికి ఇంతసేపు పట్టసాగింది. బ్రహ్మం ఓపిగ్గా ఆగేవాడు. కనుబొమ్మ వచ్చింది. ముక్కు పక్కన మడత వచ్చింది. పైపెదవి కొద్దిగా లేచి, పాన్ గార పట్టిన రెండు పళ్లు వచ్చాయి.

కరెంటు పోయింది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి, ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో చెప్పేవాడు లేడు. టేబుల్ కింద యూపీఎస్ కుయ్యి కుయ్యిమని మొదలుపెట్టింది. ఆ చప్పుడు పక్క జిరాక్సు షాపు హనుమాయమ్మకు వినబడింది. ఆమెది గుంటూరు వైపు, ఆ వీధిలో షాపు పెట్టి చాలా కాలమైంది. ఊరేగింపు పోతున్నప్పుడల్లా షట్టరు సగం దించుకుని లోపల కూర్చుంటుంది.

"ఏవండీ బ్రహ్మంగారూ, వైరు ఇటు పడేయండి. మా ఇన్వర్టరు ఉందిగా" అంది గోడ అవతలి నుంచి.

"మీకు తిప్పలైతదేమో అమ్మా."

"ఏం తిప్పలండీ. జిరాక్సు ఎలాగూ ఆపేశాను. చీరలాయన పనే కదా అది. నా దగ్గర మాట్లాడి మాట్లాడి సగానికి దించి అమ్మాడు ఒకసారి. నేనే గెలిచాననుకున్నాను, పాపం."

వైరు వచ్చింది. ఆ ఇన్వర్టరు కూడా ఎంతోసేపు ఉండేది కాదు. బ్రహ్మం మొఖం పని ముగించేసరికి అదీ గొణగడం మొదలుపెట్టింది. అప్పుడే మధుకర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. గోపయ్య ఫ్లెక్సు సంగతి బ్రహ్మం ఫోనులో చెప్పి ఉన్నాడు. ఎల్బీనగర్ టెంటుకు బ్యానర్లు, రాస్తారోకోకు బ్యానర్లు, అన్నీ ఒక్కసారే కావాలట. నాగోలు రోడ్డులో ప్రింటింగువాడు జనరేటరులో డీజిలు అయిపోతే మిషను బంద్ అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడట.

"గోపన్నది అయిందా అన్నా? ఇటియ్యి, టాబ్ల జూస్త."

బ్రహ్మం ఫైలు సేవ్ చేయడానికే చాలాసేపు పట్టింది. మధుకర్ దాన్ని టాబ్‌లోకి ఎక్కించాడు. వేలు పెట్టాడు. ఒక చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. ఫైలు మరీ పెద్దది, తెరవడం కుదరదని చెప్పింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే మాట.

"గింత బరువేంది అన్నా? ఫ్లెక్సుకు గింత పెడ్తరా ఎవరన్న?"

"దగ్గరికెల్లి జూస్తరు మధూ."

"చిన్న కాపీ ఒకటి చేసియ్యి మరి."

"చేస్త గని, ఇంకింత సేపు పడ్తది. కరెంటు ఆగదు."

మధుకర్ జేబులో ఫోను మళ్లీ మోగింది. తీసి చూసి పెట్టేశాడు. బ్రహ్మం మొఖంలోకి చూశాడు. చూడ్డం కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"మొత్తం జూసినవా అన్నా? కిందికెల్లి మీదికి?"

"జూసిన."

అది అబద్ధమని బ్రహ్మానికి తెలియదు. నిజంగానే చూశాననుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆ మొఖాన్ని అంతలా చూశాక ఇంకా చూడనిది ఉందని మనసుకు తట్టలేదు. మధుకర్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బైకు తీశాడు. ఇన్వర్టరు ఆగిపోయింది. రోడ్డు మీద ఊరేగింపు మొదలైంది, జై తెలంగాణ కేకల్లో బైకు చప్పుడు కలిసిపోయింది.

మధ్యాహ్నం దాటాక, ప్రింటింగువాడు చుట్ట చుట్టి, పేపరు చుట్టి ఇచ్చిన ఫ్లెక్సును మధుకర్ విప్పకుండానే తెచ్చి ఇచ్చాడు. రంగు ఆరిందో లేదో, విప్పొద్దన్నాడు. రాజమ్మ కట్టిన జొన్నరొట్టె తిని, బ్రహ్మం ఆ చుట్టను భుజాన వేసుకుని చంపాపేట్‌కు నడిచాడు. ఎండ తగ్గలేదు. సందుల్లో ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు కుప్పలు పోసుకుని కూర్చున్నారు. కర్మన్‌ఘాట్ వైపు నుంచి వచ్చే ఆటోలు హారను కొడుతుంటే, బ్రహ్మం గోడను ఆనుకుని నిలబడి అవి పోయాక కదిలాడు. నడుస్తున్నంతసేపూ మనసు తేలికగానే ఉంది. చాలా రోజుల తర్వాత మంచి పని చేశాననిపించింది. గోపయ్య ఉంటే దీని మీద ఏదో ఒకటి అనేవాడు.

ఇంటి ముందు టెంటు కర్రలు పాతుతున్నారు. ఎదురింటి గోడకు రెండు మేకులు కొట్టి ఉన్నాయి. ఇద్దరు మనుషులు స్టూళ్లెక్కి పై అంచుకు తాడు కట్టి, చుట్టను వదిలారు. అది మెల్లగా కిందికి విప్పుకుంది. శ్రద్ధాంజలి వచ్చింది. పూల అంచు వచ్చింది. ఆ తర్వాత గోపయ్య వచ్చాడు. మూట మీద చెయ్యేసి, పెదవి కొంచెం లేపి, ఇప్పుడే ధర చెప్పబోతున్నవాడిలాగా నవ్వుతూ వచ్చాడు. కర్రలు పాతేవాళ్లు ఆగిపోయారు. అండాలమ్మ గడప దిగి వచ్చి, బ్రహ్మం అనుకున్నట్టే, దగ్గరికి వెళ్లి గోపయ్య చెంప మీద అరచెయ్యి పెట్టింది.

చుట్ట చివరి మడత అప్పుడు విడింది.

ఎన్నో నెలల తర్వాత బ్రహ్మం ఏ ఇబ్బందీ లేకుండా చదవగలిగిన అక్షరాలవి. ఒక్కొక్కటి జానెడు ఉంది. ఆ నడివీధిలో, అంత దూరం నుంచి, ఒక్కటీ మసకగా లేదు. 'జన్మదిన శుభాకాంక్షలతో, కుటుంబ సభ్యులు, బంధుమిత్రులు.'

స్టూలు మీది మనిషి కిందికి వంగి చదివి మొఖం తిప్పుకున్నాడు. ఎవరో దగ్గారు. పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అది ఏడుపుకో నవ్వుకో చెప్పడం కష్టం. అండాలమ్మ చదవగలదు గాని కూడబలుక్కుని చదువుతుంది. పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది. బ్రహ్మం ఆ కాసేపు అక్కడ లేకుండా పోతే బాగుండునని కోరుకున్నాడు.

"చెల్లే, తప్పయింది. పాత ఫైలుది ఉండిపోయింది కింద. ఇప్పుడే పోయి మల్ల కొట్టిచ్చుకొస్త."

"యాడ పోతవన్నా. కరెంటు లేదు, బస్సు లేదు."

"నడుస్త."

ఆమె అతని మొఖంలోకి, అద్దాల్లోకి చూసింది.

"కండ్లు ఆనుతలేవా నీకు?"

అంతమంది ముందు, ఎవరికీ తెలియకూడదనుకున్న మాట అంత మామూలుగా బయటికొచ్చేసింది.

"ఈయన గిట్లనే జేసిండు" అంది అండాలమ్మ గోడవైపు చూస్తూ. "ఛాతిల పోటొస్తుందని ఎన్నడు జెప్పకపాయె. జెప్తే బండి మీద పోనియ్యనని. జెప్పి ఇంట్ల కూసుంటే ఏమయితుండె? కండ్ల ముందట ఉంటుండె."

లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది. తానే వంగి, గోపయ్య పాదాల కింది నుంచి అడ్డంగా కత్తిరించుకుంటూ పోయింది. ఫ్లెక్సు మందంగా ఉండి కత్తెర మొరాయిస్తుంటే బ్రహ్మం ఒక అంచు పట్టుకున్నాడు. తెగిపోయిన పట్టీని అతనే చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మొఖం మంచిగొచ్చిందన్నా అని ఆమె వెనక నుంచి అన్నది అతనికి వినబడింది గాని, తిరిగి చూడలేదు. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

షాపుకు చేరేసరికి పొద్దు వాలింది. కరెంటు వచ్చి ఉంది. మధుకర్ కౌంటరులో కూర్చుని బ్యానర్లకు తాళ్లు కడుతున్నాడు. బ్రహ్మం ఆ పట్టీని అతని ముందు పరిచాడు. మధుకర్‌కు మొదట నవ్వొచ్చింది, మనిషన్నాక వస్తుంది. అది ఎక్కడ నుంచి తెగిందో అర్థం కాగానే నవ్వు ఆగిపోయింది.

"నా కండ్లు పోతున్నయి మధూ" అన్నాడు బ్రహ్మం. "జెప్పలే నీకు."

మధుకర్ తాడును కాసేపు ముడి వేస్తూనే ఉన్నాడు.

"ఎర్కే అన్నా."

"ఏం ఎర్క?"

"కండ్ల సంగతి. బోనాలప్పుడు రెండు ఫ్లెక్సులల్ల పేర్లు తప్పు పోయినయి. మల్ల కొట్టిపిచ్చిన, నీకు జెప్పలే. గందుకే గిది కొన్న." టాబ్‌ను చూపుడు వేలితో తట్టాడు. "షోకా నాకు? నాకు దీంట్ల పాట పెట్టుకునుడు సుతం రాదు. నువ్వు జేసింది ప్రింటుకు పోయే లోపట ఒక్కసారి జూడాలెనని." గొంతులో విసుగు, ఆ విసుగు ఎవరి మీదనో తెలియదు. "ఒక్క దినం. ఒక్క దినం జూడకపోతే గిట్లయింది."

బ్రహ్మం గోడవైపు తిరిగి ఉన్న మానిటర్‌ను చూశాడు. ఇన్నాళ్లూ దాన్ని అట్లా ఎందుకు తిప్పుకున్నాడో మధుకర్‌కు తెలుసు. పొద్దున్నే ఎందుకు వస్తున్నాడో, సాయంత్రం ఎందుకు అందరి తర్వాత పోతున్నాడో తెలుసు. తెలిసి ఏమీ అనకుండా ఎండ పడుతున్నదంటే అవునన్నాడు.

"రేపటిసంది కౌంటర్ల కూసో అన్నా" అన్నాడు మధుకర్. "ఆర్డర్లు రాస్కో." ఆ మాట అన్నాక, రాసుకోవడానికి కూడా చూపు కావాలని తనకే తట్టింది. తల వంచుకుని తాడు లాగాడు. "ఏదో ఒకటి జేద్దుం. నువ్వు మాత్రం రా."

"ఆఁ" అన్నాడు బ్రహ్మం.

టెంటు నుంచి ఎవరో వస్తే బ్యానర్లు తీసుకుని మధుకర్ వెళ్లిపోయాడు. బ్రహ్మం కుర్చీలో కూర్చున్నాడు. తెలిస్తే కుర్చీ పోతుందని ఇన్నాళ్లు భయపడ్డాడు. తెలిసినా పోలేదు. తన పనే తనను ఇక్కడ నిలబెడుతున్నదని అతను అనుకున్నాడు. మరొకడి ఓపిక నిలబెడుతున్నదని ఇవాళ తెలిసింది. ఆ తెలిసిన దానితో ఇక్కడ రేపు కూర్చోవడం తన వల్ల కాదని కూడా తెలిసింది. మధుకర్ మీద అతనికి కోపం లేదు. ఉంటే కొంచెం సులువయ్యేది.

సెట్టింగుల్లోకి వెళ్లి అక్షరాలను మళ్లీ చిన్నవి చేశాడు. తర్వాత వచ్చేవాళ్లకు ఇబ్బంది ఉండకూడదు. తెర నల్లబడి వెలిగింది. ఇప్పుడు అందులో ఏముందో బ్రహ్మానికి కనబడలేదు, బూడిదరంగు వెలుతురు తప్ప. మానిటర్‌ను వాకిలివైపుకు తిప్పాడు. గోడ అవతలికి వినబడేట్టు, "పోతున్ననమ్మా" అన్నాడు. "మంచిదండీ" అంది హనుమాయమ్మ. అతను ఎప్పుడూ పోయొస్తనమ్మా అనేవాడని ఆమెకు అన్నం తింటున్నప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు రాలేదు. దినాలకు పోయాడేమో అనుకున్నాడు మధుకర్. ఆ తర్వాతా రాలేదు. ఫోను చేస్తే రాజమ్మ ఎత్తి, ఆయన పానం మంచిగ లేదని ఒకసారి, పండుకున్నాడని ఒకసారి చెప్పింది. మన్సూరాబాద్‌కు పోయి చూస్తే, బ్రహ్మం గడప లోపల కూర్చుని రాజమ్మ కుట్టి పెట్టిన చీరలను మడతలు పెడుతున్నాడు. చాయ తాగి పొమ్మన్నాడు. షాపు ముచ్చట ఎత్తలేదు. మధుకర్ కూడా ఎత్తలేక చాయ తాగి వచ్చేశాడు. సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. అతను మాత్రం రాలేదు.

కొత్తగా సంధ్యారాణి అనే అమ్మాయిని పెట్టుకున్నారు. నల్లగొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల, చురుకైనది. మొదటి రోజు కుర్చీ ఎత్తు సరిచేసుకుని, తెర వెలుతురు సరిచేసుకుని, టైపు చేయబోయి ఆగిపోయింది.

"సార్, దీని మీద ఏం రాసి లేదేంది?"

మధుకర్ వంగి చూశాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని వంక చూడలేదు. సాయంత్రం కొత్తది తెచ్చిచ్చాడు. పాతదాన్ని చెత్తలో వేయబోయి, వేయలేక, వైరు చుట్టి బీరువా మీద పెట్టాడు. ఒక్క అక్షరమూ మిగలకుండా అరిగిపోయి, వేళ్లు ఆనిన చోట మీటలు కొద్దిగా గుంటలు పడి, ఆ కీబోర్డు ఇంకా అక్కడే ఉంది.